కూర్చున్నవాళ్ళ బాకీ

చిత్రకళలో డిగ్రీ చదువుతానని ఇంట్లో పిల్లలెవరైనా అంటే పెద్దవాళ్ళు వెంటనే అడిగే ప్రశ్న ఒకటుంది: అది అన్నం పెడుతుందా? నలభై ఏళ్ళ కిందట మా ఇంట్లోనూ అడిగారు, ఇప్పుడూ అడుగుతున్నారు. అడగడంలో తప్పేమీ లేదు. కొందరికి పెట్టింది, కొందరికి పెట్టలేదు. నాకు హైస్కూల్లో డ్రాయింగ్ మేష్టరు ఉద్యోగం రూపంలో పెట్టింది. ఆ సంగతి అంతటితో వదిలేస్తాను. నేను ఇన్నేళ్ళుగా తేల్చుకోలేకుండా ఉన్న ప్రశ్న వేరే ఉంది. దాన్ని ఇంట్లో పెద్దవాళ్ళూ అడగరు, కాలేజీలో గురువులూ అడగరు, పరీక్ష కాగితంలోనూ రాదు. ఈ చదువు ఎవరిని ఎదుట కూర్చోబెట్టుకుని నేర్చుకుంటాం? వాళ్ళకు మనం ఏం బాకీ?

వైద్య విద్యార్థి మొదట శవం మీద నేర్చుకుంటాడు. ఆ శరీరానికి నొప్పి లేదు. తర్వాత రోగుల మీద నేర్చుకుంటాడు, కానీ రోగికి ఎంతో కొంత వైద్యం అందుతుంది. క్షౌరం నేర్చుకునే కుర్రవాడి చేతిలో గడ్డం తెగినా, ఆ కూర్చున్నాయనకు గడ్డం గీయడమన్నా అవుతుంది. బొమ్మలు నేర్చుకునేవాడి ఎదుట కూర్చున్న మనిషికి మాత్రం ఆ నేర్చుకోవడంలోంచి ఏమీ రాదు. కూలి వస్తుంది, అంతే. మన దేశపు తొలి ఆర్టు స్కూళ్ళలో ఒకదాన్ని 1850లో మద్రాసులో పెట్టిన అలెగ్జాండర్ హంటర్ వృత్తిరీత్యా వైద్యుడన్న సంగతి ఇక్కడ నాకెందుకో గుర్తొస్తుంది.

ఈ చదువు లోపల ఎలా ఉంటుందో చూడనివారి కోసం కొంచెం చెప్పాలి. విశ్వవిద్యాలయంలో చిత్రకళ డిగ్రీ చదువుగా కుదురుకున్నది 1950లో బరోడాలో ఆ విభాగం మొదలయ్యాకనే అనుకోవచ్చు. అంతకు ముందు ఎక్కువగా డిప్లొమాలే. హైదరాబాదు నుంచి లక్ష్మా గౌడ్, తోట వైకుంఠం వంటివారు పై చదువుకు అక్కడికే వెళ్ళి కె.జి. సుబ్రహ్మణ్యన్ దగ్గర నేర్చుకున్నారు. ఇప్పుడు బి.ఎఫ్.ఎ. సాధారణంగా నాలుగేళ్ళు. మొదటి ఏడాది కుండలు, సీసాలు, మడతలు పడ్డ గుడ్డలు, ప్లాస్టర్‌తో పోతపోసిన గ్రీకు తలకాయలు గీయిస్తారు. గ్రీకు తల కదలదు, అలసిపోదు, ఎంతసేపైనా అలాగే ఉంటుంది. ఆ తర్వాత మనుషులు వస్తారు. ముందు తల, తర్వాత నిండు మనిషి. దీన్నే లైఫ్ స్టడీ అంటారు.

గది మధ్యలో ఒక చెక్క దిమ్మె, దానిమీద స్టూలు లేదా కుర్చీ. మనిషిని కూర్చోబెట్టి, వెలుతురు ఒక పక్కనుంచే పడేలా కిటికీలు కొన్ని మూసి, చుట్టూ ఈజిల్స్ వేసుకుని నిలబడతారు. చేయి బారుగా చాచి, ఒక కన్ను మూసి, పెన్సిలు అంచుతో మనిషి తల ఎత్తు కొలిచి, నిలువెల్లా ఎన్ని తలలో లెక్కపెడతారు. మామూలు మనిషి ఏడు, ఏడున్నర తలలుంటాడు. అరగంటకో ముప్పావుగంటకో విరామం. లేచేముందు పాదాల చుట్టూ సుద్దముక్కతో గీత గీస్తారు. తిరిగి వచ్చి కూర్చున్నప్పుడు కాళ్ళు సరిగ్గా అదే గీతల్లో పెట్టాలి. మనిషి లేచిపోయాక ఆ దిమ్మె మీద రెండు ఖాళీ పాదాలు మిగిలి ఉంటాయి. కాలేజీలో నేను చూసిన బొమ్మలన్నింటిలోకీ ఆ సుద్ద గీతలే నాకు బాగా గుర్తున్నాయి.

ఇక ఎవరు కూర్చుంటారు? నేను చదువుకున్నది బెంగుళూరులో, 1980ల మొదట్లో. కాలేజీ పేరు ఇక్కడ అక్కర్లేదు, ఏ కాలేజీలోనైనా కథ ఒకటే. మార్కెట్లో మూటలు మోసి ఇక మోయలేని ముసలివాళ్ళు, బేల్దారి పనికి పిలవడం మానేసిన ఆడవాళ్ళు, కాలేజీ జవాను తీసుకొచ్చే చుట్టాలు. ఇచ్చేది ఆనాటి బేల్దారి కూలికంటే తక్కువ. ఎండలో పని కాదు గదా, ఊరికే కూర్చోవడమే గదా అని జవాబు. ఊరికే కూర్చోవడం అన్నవాళ్ళు ఒక్కసారి, కళ్ళు ఒకచోటనే నిలిపి, ముక్కు మీద ఈగ వాలినా చేయి ఎత్తకుండా ముప్పావుగంట కూర్చుని చూడాలి.

మంచి మోడల్ దొరికినప్పుడు గురువులు మెచ్చుకుని అనే మాట ఒకటుంది, "ముఖంలో కేరక్టర్ ఉంది" అని. నేను ఆ మాటను చాలాకాలం పరిశీలించాను. ఆ ముఖంలో ఉన్నదేమిటంటే ఎండ, ఊడిన పళ్ళు, లోపలికి పోయిన దవడలు, నిద్ర చాలని కళ్ళు. వాటివల్ల వెలుగునీడలు బాగా తెగుతాయి, బొగ్గుతో గీయడానికి అనువుగా ఉంటుంది. బాగా తిన్న ముఖం మీద నీడ నిలవదు. ఇది కళలో నిజమే, కాదనను. కానీ ఆ నీడ ఎక్కడినుంచి వచ్చిందో గురువులు చెప్పరు. మా నాలుగేళ్ళలో ప్రిన్సిపాల్‌గారినిగాని, ఫీజులు కట్టడానికి వచ్చిన తండ్రులనుగాని ఎవరూ దిమ్మె మీద కూర్చోబెట్టలేదు. వాళ్ళకూ తల ఉంది, ఏడున్నర తలల ఎత్తూ ఉంది.

డబ్బు ఎటునుంచి ఎటు పోతుందన్నదాన్ని బట్టి బొమ్మలో ఎవరి మాట చెల్లుతుందో తేలుతుందని నా అభిప్రాయం. రాజా రవివర్మ ఎదుట కూర్చున్న రాజులు, రాణులు చిత్రకారుడికి డబ్బిచ్చారు. అందువల్ల నగ ఎలా మెరవాలో, గడ్డం ఎంత పైకి ఉండాలో వాళ్ళకూ ఒక మాట ఉంటుంది. కాలేజీలో డబ్బు అటుకాక ఇటు పోతుంది, దానితోపాటే మాట చెల్లుబాటూ పోతుంది. మా కోలారు వైపు నుంచి దగ్గరలోనే ఉన్న లేపాక్షికి వెళ్ళినవాళ్ళు వీరభద్రస్వామి గుడి పైకప్పు చూసే ఉంటారు. పదహారో శతాబ్దంలో ఆ గుడి కట్టించిన విరుపణ్ణ, అతని సోదరుడు వీరణ్ణ పరివారంతో సహా అక్కడ ఉన్నారు. పేరు పెట్టి చూపిస్తారు. వేసినవాళ్ళ పేరు అడిగితే మాత్రం చెప్పేవాళ్ళు లేరు. చెన్నై మెరీనాలో ఇందుకు తలకిందులు. దేవీప్రసాద్ రాయ్ చౌధురి చేసిన శ్రామికుల విగ్రహం 1959 జనవరిలో అక్కడ నెలకొల్పారు. నలుగురు మనుషులు నరాలు ఉబ్బేలా ఒక బండను కదిలిస్తూ ఉంటారు. తమిళనాడులోని మన పాఠకులు ఎన్నోసార్లు దాని పక్కనుంచే నడిచి ఉంటారు. రాయ్ చౌధురి మద్రాసు ఆర్టు స్కూలుకు చాలా ఏళ్ళు అధిపతిగా ఉన్నారు. ఆ విగ్రహానికి మోడల్‌గా నిలబడ్డవారిలో ఆ స్కూలు రాత్రి కాపలాదారు ఒకరని చెబుతారు. శ్రమను గౌరవించడానికి పెట్టిన విగ్రహమది. అందులో శిల్పి శ్రమకు పేరుంది, రోజులతరబడి బరువు లాగుతున్నట్టు వంగి నిలబడ్డ కాపలాదారు శ్రమ కంచులోకి పోయింది. శిల్పం గొప్పది కాదని నేననను. గొప్పది కాబట్టే ఆలోచన వస్తుంది.

మా మూడో ఏడు క్లాసుకు ఒక ముసలామె వచ్చేది. జవానుతో వచ్చీరాని కన్నడంలో మాట్లాడేది. మాకు పాఠం కన్నడం, ఇంగ్లీషు కలిపి సాగేది. ఒక మధ్యాహ్నం, గది అంతా నిశ్శబ్దంగా బొగ్గు రాపిడి చప్పుడు మాత్రమే ఉన్నప్పుడు, ఆమె పెదవులు కదపకుండా తనలో తాను అంది: "కాలు తిమ్మిరెక్కింది దేవుడా, వీళ్ళెప్పుడు లేపుతారో." పావగడ వైపు తెలుగు. తుమకూరు జిల్లాలో ఉన్నా అది మన మాటే అని మీకు తెలుసు. ఈజిల్ వెనకనుంచి నేను, "లేవవ్వా, రోంతసేపు నడువు" అన్నాను. ఆమె తల తిప్పి నావైపు చూసింది. పోజు చెడిపోయిందని అందరూ విసుక్కున్నారు. అప్పటివరకూ నా కాగితం మీద నుదురు, చెంప ఎముక, మెడ కింది గుంట ఉన్నాయి. అప్పుడు మాత్రం అవన్నీ ఒక మనిషివి అయ్యాయి. ఇందులో నా మంచితనమేమీ లేదు, భాష తెలియడం అనే అదృష్టం తప్ప. మరాఠీ మాట్లాడే మోడల్ వచ్చి ఉంటే ఆ గొణుగుడు నాకూ చప్పుడుగానే వినబడేది. తనవాళ్ళ భాష వినబడితేనే ఎదుటివారిలో మనిషి కనబడతాడా అన్నది, పొరుగు భాషల మధ్య బతికే మనలాంటివాళ్ళం ఎప్పుడో ఒకప్పుడు వేసుకోవలసిన ప్రశ్నే.

ఆ రోజునుంచి విరామంలో ఆమె ఈజిల్స్ అన్నీ తిరిగి చూసేది. అంతకు ముందు ఏ మోడలూ అలా చూడగా నేను చూడలేదు. వద్దని ఎవరూ అనలేదు, రమ్మని కూడా ఎవరూ అనలేదు. ఒక బొమ్మ ముందు నిలబడి, "ఇది నేను గాదు, మాయమ్మ" అంది. చాలా సంతోషంగా అంది. ఇంకొకటి చూసి నవ్వింది. మూడోది క్లాసులో అందరూ మెచ్చుకున్న బొమ్మ. కళ్ళలో నీటి మెరుపు, వంగిన భుజాలు, పెద్ద నీడ. దాన్ని కళాశాల ప్రదర్శనలో పెడతామని కూడా అన్నారు. ఆమె దాన్ని ఎక్కువసేపు చూసి, నాతో అంది: "ఈయప్ప నన్ను ఏడిపిచ్చినాడు సూడు నాయనా. నేనెక్కడ ఏడిస్తి? మాపటికి సంగటిలోకి ఏం సేద్దునా అని తలపోసుకుంటాంటి."

చిత్రకళ గురించి తర్వాత నేను చదివిన పుస్తకాల్లో ఇంతకంటే సూటి విమర్శ నాకు తగలలేదు. ఆ కుర్రవాడు దుర్మార్గుడు కాడు. జాలిపడ్డాడు. జాలిపడి, ఆమె దగ్గర లేని ఏడుపును ఆమె ముఖానికి పెట్టాడు, దానికి మార్కులు వచ్చాయి. సాయంత్రం కూర గురించి ఆలోచిస్తున్న గృహస్థురాలిని బీదతనానికి గుర్తుగా మార్చేశాడు. ఎదుట మనిషి కూర్చుని ఉండగా, ఆమెను చూడకుండా, తన మనసులో ముందే ఉన్న బొమ్మను చూసి గీశాడన్నమాట. బడిలో దీన్ని భావుకత అంటారు. నేను అబద్ధం అంటాను. మనిషి కూలి తక్కువ ఇవ్వడం ఒక అన్యాయమైతే, ఆ మనిషి ముఖం మీద అబద్ధం రాయడం రెండోది. రెండోదాన్ని ఎవరూ లెక్కలో వేయరు.

కాంట్ అనే జర్మన్ తత్త్వవేత్త, మనిషిని కేవలం సాధనంగా వాడుకోకూడదన్నాడు. 'కేవలం' అన్న మాటతో చిక్కు వస్తుంది. కూలి ఇచ్చాం, ఒప్పుకుని వచ్చింది, కాబట్టి కేవలం సాధనం కాదు అని ఎవరైనా వాదించవచ్చు. ఆకలితో ఒప్పుకున్నది ఒప్పుకోవడమేనా అని మనం తిరిగి అడగవచ్చు. కానీ అలా అడిగితే షోలాపూరు మగ్గాల దగ్గర మనవాళ్ళు తరతరాలుగా చేసిన పని అంతా అదే ప్రశ్న కిందికి వస్తుంది. నేత కార్మికుడు నేసిన దుప్పటి అతని ముఖం కాదు. మోడల్ పనిలో తయారయ్యే సరుకు ఆమె పోలికే. ఆ తేడా వల్లనే కూలితో లెక్క తీరిపోదని నాకనిపిస్తుంది. దుప్పటి తప్పుగా నేస్తే కొన్నవాడికి నష్టం. పోలిక తప్పుగా గీస్తే నష్టం కూర్చున్న మనిషిది, ఆమెకేమో ఆ కాగితం చూపించరు.

మన సమాజం ఈ విషయంలో ఎప్పుడు గొడవ పడినా గుడ్డ గురించే పడింది. బొంబాయి జె.జె. స్కూలులో 1919 ప్రాంతంలో గ్లాడ్‌స్టన్ సాలమన్ ప్రిన్సిపాలుగా ఉండగా నగ్న మోడల్‌ను చూసి గీయడం పాఠంలోకి వచ్చింది. రాజమండ్రి నుంచి వెళ్ళిన దామెర్ల రామారావు అక్కడ చదువుకున్నది దాదాపు ఆ కాలంలోనే. ఆయన 1925లో, ముప్పై ఏళ్ళు నిండకుండానే పోయారు. నూరేళ్ళ తర్వాత కూడా ఆ జె.జె. స్కూలు మోడల్ జీవితం మీదనే రవి జాధవ్ 'న్యూడ్' అనే మరాఠీ సినిమా తీస్తే, 2017లో గోవా చలనచిత్రోత్సవానికి ఎంపికైనదాన్ని కేంద్ర మంత్రిత్వశాఖ జాబితానుంచి తీసేసింది. మరుసటి ఏడు థియేటర్లకు వచ్చింది. పేరు మీద, నగ్నత్వం మీద ఎంత చర్చ జరిగిందో! పోజుకు ఎంత ఇస్తారు, జ్వరం వస్తే ఇస్తారా, ముసలితనంలో ఏం చేస్తారు అన్న చర్చ అందులో పదోవంతు జరిగినట్టు కనబడలేదు. పావగడ అవ్వ నిండా చీర కట్టుకునే కూర్చుంది. ఆమె విషయంలో పరువు ప్రశ్న ఎవరికీ రాలేదు.

అయితే మోడళ్ళను మానేస్తే పోలేదా అని ఒక మిత్రుడన్నాడు. పాత శిల్పులు తాళ ప్రమాణాలతో, మనసులో కొలతలతో చేశారు గదా, ఎవర్నీ కూర్చోబెట్టలేదు గదా అని. నిజమే. ఇప్పుడైతే ఫోనులో ఫోటో ఉంది, దాన్ని చూసి గీసే విద్యార్థులే ఎక్కువ. నాకు ఇది సమ్మతం కాదు. ఫోటోకు కాలు తిమ్మిరెక్కదు, అది లేచి వచ్చి "నేనెక్కడ ఏడిస్తి" అనదు. ఫోటో పెట్టుకుంటే అన్యాయం పోదు, దాన్ని అడిగే మనిషి పోతుంది. పైగా ఆ అవ్వకు ఆ కొద్ది కూలీ పోతుంది. చేతులు కడుక్కోవడానికి ఇదొక సులువైన దారి, అంతకంటే ఏమీ లేదు.

మేష్టరునయ్యాక నేను చేయగలిగిందల్లా ఒకటి. మా బడిలో మోడల్‌ను పిలిపించే స్తోమతు లేదు. పిల్లల్నే వంతులవారీగా కూర్చోబెట్టేవాణ్ణి. ఊరి పెద్ద కొడుకైనా సరే, హాస్టలు పిల్లవాడైనా సరే, ఒక పీరియడు కదలకుండా కూర్చోవాలి, అయ్యాక అందరి బొమ్మలూ చూసి ఏది తనది కాదో చెప్పాలి. వెక్కిరింతగా గీసిన బొమ్మల్లో చెవులు పెద్దవయ్యేవి, రంగు నల్లగా పూసేవాళ్ళు. కూర్చునే వంతు వచ్చాక చెవులు చాలామటుకు సర్దుకునేవి. దీన్ని పరిష్కారమని నేను చెప్పుకోను. బడి పిల్లవాడు కూర్చుంటే అది ఆట, రేపు అతని వంతు అయిపోతుంది. అవ్వకు వంతు లేదు, ఆమెకు ఎప్పుడూ కూర్చోవడమే. డిగ్రీ కాలేజీల్లో విద్యార్థులు ఏడాదికి ఒక్కసారైనా ఆ సుద్ద గీతల్లో కాళ్ళు పెట్టాలని, మోడల్ అన్ని బొమ్మలూ చూసేదాకా క్లాసు ముగియకూడదని, ఇష్టపడితే ఆమె పేరు కాగితం కింద రాయాలని మాత్రం గట్టిగా అంటాను. వీటికి పెద్ద బడ్జెట్లేమీ అక్కర్లేదు.

కోర్సు చివర నేను గీసిన ఆమె బొమ్మల్లో ఒకటి తీసుకోమని అడిగాను. ఆమె చేతిలోకి తీసుకుని, కొంచెం దూరం పెట్టి చూసి, తిరిగి ఇచ్చేసింది. "పోయినోళ్ళ పటాలు గదా నాయనా గోడకు పెట్టేది. నేనింకా ఉండానే" అంది. మన ఇళ్ళల్లో గోడమీద పటమంటే దండా, కుంకుమ బొట్టూ గుర్తొస్తాయి గదా, ఆమె అన్నదాంట్లో న్యాయముంది. అయితే పేరు రాయమంది. ఆమె చెబుతూంటే కాగితం కింది అంచున తెలుగులో రాశాను, ఊరి పేరుతో సహా. ఆమెకు చదవడం రాదు, అక్షరాల మీద వేలు పెట్టి, "ఇంతేనా?" అని అడిగింది. ఆ పేరు ఈ పత్రికలో రాయడం లేదు. ఆ కాగితం మీద రాయడానికే ఆమె ఒప్పుకుంది, దీనికి ఆమెను అడగలేదు, అడగడానికి ఇప్పుడు ఆమె ఉండే వయసూ కాదు.

పాత కాలేజీ స్టడీలు ఈమధ్య కొనుక్కునేవాళ్ళు తయారయ్యారు. కిందటి నెల బెంగుళూరునుంచి ఒకాయన వచ్చి నా కట్టలు విప్పి చూసి, ఆ బొమ్మే కావాలన్నాడు. నా పింఛనుకు మూడు నెలలంత చెప్పాడు. ఆ డబ్బులో నా వంతు ఎంత, ఆమె వంతు ఎంత, ఆమె వంతు ఎవరికివ్వాలి అని నేను ఆలోచిస్తుంటే, బేరం కోసం ఆగాననుకుని ఇంకొంచెం పెంచాడు. తర్వాత కింది అంచు చూసి, "ఈ రాత ఫర్వాలేదు సార్, మౌంట్ వేయిస్తే కనబడదు" అన్నాడు. రాత కనబడేలా ఫ్రేము కట్టించుకునే పనైతే చూద్దాం, లేకపోతే లేదు అని చెప్పి పంపించాను. ఇంకా ఏ కబురూ రాలేదు.